కుంగే కుర్చీ, ఊగే షేరు

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కానని ఈ వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. చెప్పలేదంటే వాళ్ళు నిన్నగాక మొన్న అద్దెకి దిగినవాళ్ళై ఉంటారు. నేను చేసిందల్లా ఒక్కటే. మూడు నెలల కిందట ఓ పొద్దున, పదీ పది నిమిషాలకి, మేడమీది షేర్ల ఆఫీసుకి వెళ్ళి సబ్బుల కంపెనీ షేరు మీద ఒక్కటంటే ఒక్క లాటు ఫ్యూచర్స్ కొన్నాను. అంతే. ఆ తర్వాత జరిగిందంతా దానంతట అదే జరిగింది, నా తప్పేం లేదు."

మెడచుట్టూ తెల్లగుడ్డ, మొహం నిండా నురగతో సెలూను కుర్చీలో కూర్చుని బావగారు ఇలా మొదలుపెట్టాడు. సెలూను ఓనరు అక్కని చేసుకున్నాడు కాబట్టి ఆయన ఓనరుకి బావ. ఓనరు రోజుకి నలభైసార్లు "బావా, బావా" అంటుంటే విని విని వీధి మొత్తానికీ బావగారైపోయాడు. నేను బస్సు కండక్టర్ని. మధ్యాహ్నం డ్యూటీకి ఎక్కేలోపు గడ్డం గీయించుకుందామని వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కనే మేడమీది షేర్ల ఆఫీసు గుమాస్తా, మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. బావగారి కళ్ళజోడు తీసి పౌడరు డబ్బా పక్కన పెట్టారు కాబట్టి బెంచీ మీద ఎవరున్నారో ఆయనకి ఆనడంలేదు. ఆనుంటే ఈ కథ పుట్టేదే కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ సెలూనులో ఉన్నది ఒక్కటే కుర్చీ. కింద పెడలు తొక్కితే పైకి లేస్తుంది. లేచి ఊరుకోదు, లోపల నూనె కారిపోయి, చూస్తుండగానే బుస్సుమంటూ కిందికి దిగిపోతుంది. ఓనరు, అంటే బావగారి బావమరిది, గడ్డం గీస్తూ గీస్తూ తనూ వంగిపోతాడు, నడుం పట్టేశాక మళ్ళీ నాలుగుసార్లు తొక్కుతాడు. కిందటి నెల ఒకాయన చెంప మీద కత్తి ఉండగా కుర్చీ దిగబడి చెవి కింద గీసుకుపోయింది. ఆయనా, ఆయన్ని చూసి భయపడ్డ ఇంకో ముగ్గురూ మలుపులో ఉన్న అద్దాల సెలూనుకి మారిపోయారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే కొట్టు మూసుకోవాల్సిందేనని బావమరిది పెళ్ళాం ఏడాదిగా దాచిన డబ్బంతా ఒక కవరులో పెట్టి చేతికిచ్చింది. ఆ కవరు అద్దం కింద సొరుగులో, దువ్వెనల కింద ఉంది. పదకొండింటికి కుర్చీల కొట్టాయన వ్యానులో కొత్త కుర్చీ తెస్తానన్నాడు. ఈ సంగతి బావగారి చెవిన పడింది. అందుకే పదింటికే వచ్చి కూర్చున్నాడు.

"కుర్చీ ఎక్కడికి పోతుందిరా బావమరిదీ? ఆ కవరు నా చేతిలో పెట్టు. ఫ్యూచర్స్‌లో పెడతా. నెల తిరక్కుండా పది కుర్చీలు కొంటావు. తొమ్మిది కుర్చీలు పడుకోవడానికి."

"అక్కకి తెలుసా బావా?" అన్నాడు బావమరిది, కత్తి నూరుతూ.

"ఆడవాళ్ళకి ఇలాంటివి చెప్తే కంగారు పడతారు. ముందు నా సబ్బు షేరు సంగతి విను. విన్నాక నువ్వే సొరుగు తీస్తావు."

అక్క మొగుడు. కాదంటే అక్క దగ్గర మాట వస్తుంది, అవునంటే పెళ్ళాం దగ్గర మొహం చెల్లదు. బావమరిది బావ కుడి చెంప మీద కత్తి పెట్టాడు. నాకే ఆగలేక అడిగాను.

"ఫ్యూచర్స్ అంటే ఏంటి బావగారూ?"

"కండక్టరు గొంతు కదూ? నీ బస్సు భాషలోనే చెప్తా తమ్ముడూ. షేరు అంటే బస్సనుకో. ఫ్యూచరు అంటే బస్సు కాదు, నెలాఖరుకి ఆ బస్సుని ఇంతకి కొంటానని ఇవాళ ఇచ్చే మాట. బస్సు షెడ్డులోనే ఉంటుంది, మాట మాత్రం చేతులు మారుతూ తిరుగుతుంటుంది. అలాంటి మాటల కట్ట ఒకటి ఒక లాటు."

"మాట తిరిగితే షెడ్డులో ఉన్న బస్సుకేం?"

"అదీ కిటుకు! వీడెవడో నెలాఖరుకి ఎక్కువిచ్చి కొంటానంటున్నాడే, వీడికేం తెలిసిందో ఏమిటో అని జనమంతా ఆ బస్సు మీద పడతారు. ధర లేస్తుంది. వాడు మాట మార్చాడనుకో, అందరూ ఒక్కసారి దూకేస్తారు. ధర పడుతుంది. బస్సు చక్రం కదల్లేదు, ధర మాత్రం ఊగిపోతుంది. అసలు సరుకుని ఊపేది సరుకు కాదు, దాని మీద ఆడిన మాట!"

మాటతో సరుకుని ఊపడం బావగారికి చేతనైన పనే కాబట్టి నేను తలూపాను.

"ఇక విను. ఆ సబ్బు షేరు పదకొండేళ్ళుగా ఒక్క ధర దగ్గరే మొద్దునిద్ర పోతోంది. ఆఫీసులో దాని అంకె వెనకాల సాలీడు గూడు కట్టుకుంది. కంప్యూటర్లోనే సుమా! నేను వెళ్ళి ఒక్క లాటు అన్నాను. గుమాస్తా ఒకడుంటాడులే అక్కడ, బక్కపల్చటివాడు, మొహంలో నెత్తురు చుక్కుండదు, వాడు మీట నొక్కాడు. నొక్కాడో లేదో షేరు ఉలిక్కిపడి లేచింది. తొక్కరా, తొక్కు! ఎలా లేచిందో వీళ్ళకి చూపిద్దాం."

బావమరిది పెడలు తొక్కాడు. బావగారు నురగతో సహా పైకి లేచాడు. నా పక్కన పేపరు కొంచెం కదిలింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు తుమ్మొచ్చింది. పక్కవాడు, వీడు తుమ్మాడంటే ఏదో అపశకునమని అమ్మేశాడు. వాణ్ణి చూసి ఇంకొకడు, ఇంకొకణ్ణి చూసి ఊరంతా. షేరు ఢామ్మని పడింది. మంచినీళ్ళకి లేచాను, 'వెళ్ళిపోతున్నాడ్రోయ్' అని ఇంకా పడింది. తాగి వచ్చి కూర్చున్నాను, 'వచ్చాడ్రోయ్' అని లేచింది. కాలు మీద కాలు వేసుకుంటే ఒక మెట్టు, తీస్తే ఒక మెట్టు. చివరికి మేనేజరు వచ్చి రెండు చేతులూ పట్టుకుని, 'అయ్యా, తమరు గోక్కునేది ఉంటే ముందే చెప్పండి, బోర్డు మీద రాసి పెడతాం' అన్నాడు."

కుర్చీ బుస్సుమని దిగడం మొదలుపెట్టింది. బావమరిది కూడా దానితోపాటు వంగాడు.

"చూశావా, ఇదిగో, అచ్చం ఇలాగే పడింది," అన్నాడు బావగారు, కిందికి వెళ్ళిపోతూ.

"ఒక్క లాటుకే ఇంత ఊగిందా?" అన్నాను.

"లాటు కాదు తమ్ముడూ, కొన్నవాడెవడో చూడాలి. అదే లాటు నువ్వు కొంటే పిల్లిమీసం కూడా కదలదు. సరే, అక్కడితో ఆగిందా? ఆగలేదు. షేరు ఊగితే కంపెనీ ఊగదా? కంపెనీ ఊగితే సబ్బు ఊగదా? మధ్యాహ్నానికల్లా కొట్లలో సబ్బు ధర నిలవడం మానేసింది. గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళేలోపు పెరిగేది, జేబులో చెయ్యి పెట్టేలోపు తగ్గేది. ఇళ్ళల్లో జనం ఒంటికి సబ్బు రాసుకుని, నీళ్ళు పోసుకోకుండా, ధర ఇంకా పెరుగుతుందేమోనని నురగతో నిలబడిపోయారు. కడిగేస్తే నష్టం కదా! మా పక్కింటాయన మూడు రోజులు స్నానాలగదిలోంచి బయటికి రాలేదు. ఆయన పెళ్ళాం తలుపు కింద నుంచి అన్నం తోసింది."

"తలుపు కింద నుంచి అన్నం పళ్ళెం ఎలా పడుతుందండీ?" అని పేపరు వెనకనుంచి ఒక సన్నటి గొంతు అడిగింది.

"ఎవరదీ? పడకపోతే పలచగా పరిచి తోసింది. కథ మధ్యలో పళ్ళాలు కొలవకండి. అసలు సంగతి ఇప్పుడొస్తోంది. సబ్బు చేతిలోంచి జారిపోతుందే, అది ఎప్పటినుంచి మొదలైందనుకున్నారు?"

"సబ్బు మొదట్నించీ జారుతూనే ఉంది కదా బావా," అన్నాడు బావమరిది.

"అదే మీ అమాయకత్వం! మూడు నెలల కిందటిదాకా సబ్బు పట్టుకుంటే పట్టుకున్నచోటే ఉండేది. బుద్ధిగా. నేను లాటు కొన్నాకే దానికి స్థిరం పోయింది. షేరు లేస్తే చేతిలోంచి పైకి ఎగిరేది, పడితే బొక్కెన వెనక్కి వెళ్ళి దాక్కునేది. ఆ అలవాటు దానికి ఇంకా పోలేదు పాపం."

నాకు నవ్వాగక పొట్ట పట్టుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. కానీ బావమరిది నవ్వడంలేదు. కత్తి తుడిచే వంకతో రెండుసార్లు సొరుగు వైపు చూశాడు. కోతలని తెలిసినా పది కుర్చీలనే మాట మనసులో ఎక్కడో దిగబడిపోయింది, ఆ చూపు చూస్తే తెలుస్తోంది. నాకు అక్కడే నవ్వు తగ్గింది.

"మర్నాడు ఇంకా పెద్ద చిక్కొచ్చింది," అన్నాడు బావగారు, గొంతు పెంచి. "సబ్బుల ఫ్యాక్టరీ నాలుగంతస్తుల మేడ. షేరుతోపాటు ఆ మేడ కూడా లేవడం, పడడం మొదలెట్టింది. పనివాళ్ళు మెట్లెక్కడం మానేశారు. షేరు పడినప్పుడు నాలుగో అంతస్తు నేలకి వచ్చేది, అందులోకి అడుగుపెట్టి నిలబడేవాళ్ళు. లేవగానే తీసుకెళ్ళి పైన పెట్టేది. లిఫ్టు మనిషి ఉద్యోగం పోయి నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. కంపెనీ ఛైర్మను, ఎంత పెద్దమనిషి, కారులో వచ్చి మా ఇంటి గడపలో నిలబడి, 'నాయనా, నువ్వొక్క పూట కదలకుండా కూర్చో, నీకు జన్మంతా సబ్బులు ఊరికే ఇస్తా' అన్నాడు."

"ఇచ్చాడా?"

"ఇచ్చాడు, కానీ చేతికి ఆగితే కదా! ఇక నెలాఖరొచ్చింది. ఫ్యూచర్స్‌కి నెలాఖరు గురువారం గడువు. ఆ రోజు మాటలన్నీ తీరిపోవాలి. నేను మాట తీర్చుకుంటే షేర్ల ఎక్స్ఛేంజీ కుప్పకూలుతుంది. పెద్దలంతా కూర్చుని ఆలోచించారు, ఆలోచించారు, చివరికి ఏం చేశారో తెలుసా? గురువారాన్నే ఎత్తేశారు! ఆ వారం బుధవారం పడుకుని లేచేసరికి శుక్రవారం."

"అన్యాయం బావగారూ," అన్నాను. "ఆ గురువారం నేను డ్యూటీ చేశాను. బాగా గుర్తుంది, టిక్కెట్ల మిషను పాడైంది."

"ఎందుకు పాడైందంటావు? మిషన్లకి తెలుసు తమ్ముడూ, అది లేని రోజని. మనుషులకే తెలియదు!"

బావగారు గుడ్డ కిందనుంచి చెయ్యి బయటపెట్టి, అరచెయ్యి చాపాడు. కుడి చెంప నున్నగా తయారైంది, ఎడమ చెంప ఇంకా నురగలోనే ఉంది.

"ఇంత చేసినవాణ్ణి, సొంత బావమరిదికి పది కుర్చీలు కొనిపెట్టలేనా? తియ్యి సొరుగు. పదకొండు కాకముందే ఇచ్చేయి, పైకెళ్ళి ఆర్డరు పెట్టేస్తా."

గోడ గడియారం పదకొండుకి పది నిమిషాలు చూపిస్తోంది. ఎడమ చెంప కోసం పెడలు తొక్కి కుర్చీని మళ్ళీ పైకి లేపిన బావమరిది, కత్తి పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. సొరుగు లాగాడు. దువ్వెనలు గలగలమన్నాయి. కవరు చివర కనిపించింది.

"ఒక్క మాటండీ," అంటూ నా పక్కన పేపరు కిందికి దిగింది. "ఆ సబ్బు షేరు మీద ఫ్యూచర్స్ లేవండి."

బావగారు కళ్ళు చికిలించాడు. "ఎవరూ?"

"మేడమీది గుమాస్తానండీ. మొహంలో నెత్తురు చుక్క లేనివాణ్ణి. ఫ్యూచర్స్ అన్ని షేర్ల మీదా ఉండవండి, కొన్ని పెద్ద కంపెనీల మీదే ఉంటాయి. ఆ సబ్బుల కంపెనీ ఆ జాబితాలో లేదు, ఎప్పుడూ లేదు."

వేరేవాడైతే అక్కడే చల్లబడేవాడు. బావగారు కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు.

"ఇప్పుడెందుకుంటాయి? నా దెబ్బకి భయపడి ఎత్తేశారు! జాబితాలోంచే చెరిపేశారు. గురువారాన్నే ఎత్తేసినవాళ్ళకి ఇదొక లెక్కా? సాక్ష్యం కావాలా? ఉంది. ఆ రోజు మీ ఆఫీసు మిషనే అచ్చేసి ఇచ్చింది. మూడు నెలలుగా గుండెమీదే పెట్టుకుని తిరుగుతున్నా."

గుడ్డ ఎత్తి, చొక్కా జేబులోంచి మడతలు నలిగిన చిన్న చీటీ తీశాడు. విప్పి, చెయ్యి బారచాపి, దూరంగా పట్టుకున్నాడు.

"చూసుకోండి. అచ్చు అక్షరాల్లో ఉంది. 'సబ్బు ఫ్యూచర్స్, ఒక లాటు. మీ ఆర్డరు రద్దీ.' రద్దీ! ఒక్క మనిషి ఆర్డరుకి ఎక్స్ఛేంజీలో రద్దీ ఏర్పడిందని మిషను తన నోటితో తను ఒప్పుకుంది. అలా అని ఇంకెవరికైనా రాసిచ్చిందేమో అడుగు ఈయన్ని."

గుమాస్తా పేపరు మడత పెట్టుకున్నాడు. బావమరిది సొరుగు మీదనుంచి చెయ్యి తీశాడు. పౌడరు డబ్బా పక్కనున్న కళ్ళజోడు తీసుకుని, దాని మీద పడ్డ పౌడరు ఊదేసి, తన ముక్కుమీద పెట్టుకున్నాడు. బావ చేతిలోంచి చీటీ అందుకుని వెలుతురులోకి తిప్పాడు. పెదవులు కదుపుతూ ఒకసారి చదివాడు, మళ్ళీ ఇంకోసారి చదివాడు.

"బావా, ఇది రద్దీ కాదు."

"మరి?"

"రద్దు. 'మీ ఆర్డరు రద్దు' అనుంది."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"కొమ్ము సరిగ్గా అచ్చు పడలేదేమో చూడు," అన్నాడు బావగారు, గొంతు కొంచెం తగ్గించి.

"బాగానే పడింది బావా. నీ కళ్ళజోడుతోనే చదువుతున్నా. కింద ఇంకో లైను కూడా ఉంది. 'ఈ షేరుకు ఫ్యూచర్స్ లేవు.'"

"మరి ఆ రోజు షేరు అంతలా ఊగిందన్నారే?" అని నేను గుమాస్తానడిగాను.

"ఎక్కడండీ! పొద్దున ఎంతకుందో సాయంత్రమూ అంతకే ఉంది. ఫ్యూచర్స్ ఉన్న షేర్లైతే ఒక్కోటి ఎక్కువ ఊగుతుంది, ఒక్కోటి కుదుటపడుతుంది, ఎందుకన్నది పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళే ఇంకా తేల్చుకోలేదు. ఇది మాత్రం ఊగడానికేం లేదండీ. ఆ వేళ మా ఆఫీసులో ఊగినది ఈయన కూర్చున్న కుర్చీ ఒక్కటే. దానికి ఒక కాలు పొట్టి. ఈయన రెండు గంటలు ఏసీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు."

బావగారి నోరు తెరుచుకుంది. మాట రాలేదు. మాట రాకపోవడం ఆయన జీవితంలో మొదటిసారేమో, ఎలా మూసుకోవాలో తెలియనట్టు అలాగే తెరిచి ఉంచాడు. సరిగ్గా అప్పుడే కుర్చీ బుస్సుమంది. బావగారు మెల్లగా, మర్యాదగా, కిందికి, ఇంకా కిందికి దిగిపోయాడు. అద్దంలో ముందు మెడ మాయమైంది, తర్వాత సగం గీసిన గడ్డం, చివరికి నడినెత్తి మీది బట్టతల ఒక్కటే మిగిలింది. ఈసారి ఎవరూ పెడలు తొక్కలేదు.

"క్షవరమైతే గానీ వివరం తెలియదంటారు," అన్నాను నేను, ఇక ఉండబట్టలేక. "ఇక్కడ సగం క్షవరానికే మొత్తం వివరం తెలిసిపోయింది."

బయట వ్యాను ఆగిన చప్పుడైంది. కుర్చీల కొట్టాయన వెనక తలుపు తెరిచి, అట్టపెట్టె చుట్టిన తాళ్ళు విప్పుతున్నాడు. బావమరిది సొరుగులోంచి కవరు తీసి, గుమ్మం దాకా వెళ్ళి, తన చేత్తోనే ఇచ్చి వచ్చాడు. వచ్చి, బావ మెడలోని గుడ్డ సర్దాడు. కళ్ళజోడు తీసి బావ ముక్కుమీద జాగ్రత్తగా పెట్టాడు. కోపమేం లేదు అతని మొహంలో. పెద్ద గండం తప్పినవాడి నవ్వు మాత్రం ఉంది.

కొట్టాయన లోపలికి తొంగిచూశాడు. "పాత కుర్చీ తీసుకుపోమంటారా? ఇనుము కిందైనా పోతుంది."

"వద్దండీ, ఉంచేయండి," అన్నాడు బావమరిది. "నా ఒక్కడికే అయితే ఒక కుర్చీ చాలు. ఇక్కడ కోతలు కోసేవాళ్ళం ఇద్దరం ఉన్నాం."